శ్రీనివాసప్ప చూసిన జింక

బెంగళూరు బొమ్మనహళ్ళి ఇంట్లో గోడకు మేకు ఒక్కటే మిగిలింది. శ్రీనివాసప్ప ఫోటోను కూతురు హేమలత తీసేసి బీరువా మీద బోర్లా పెట్టింది. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఆయన భార్య మునివెంకటమ్మ పొద్దున దీపం పెట్టి, ఆ మేకుకే దండం పెట్టుకుంది.

హేమలత బిడ్డ సహన పుట్టడమే కుడి పాదం లోపలికి తిరిగి పుట్టింది. వారం వారం పిండికట్టు మారిస్తే పాదం దారికొస్తుందని డాక్టరు చెప్పినాడు. చూడ్డానికొచ్చిన బిడ్డ మేనత్త రేణుక మాత్రం, "వీళ్ళ తాత వేటగాడు కదా! నోరులేని జీవాల ఉసురు ఊరికే పోతుందా?" అనేసి కాఫీ తాగి పోయింది. అప్పట్నించీ హేమలతకు నిద్ర లేదు.

"రేపు మొదటి కట్టు కదమ్మా?" అంది మునివెంకటమ్మ.

"రేపు ఊర్లో శాంతి చేయిస్తాండాము. కట్టుదేముంది, శాంతి అయినాక ఆమేలే చూస్తాం."

ఎప్పుడూ ఎదురు చెప్పని మునివెంకటమ్మ బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

శ్రీనివాసప్పది డెంకణికోట అడవి పక్క పల్లె. బెంగళూరొచ్చి గార్మెంట్స్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరినా వేటగాడి చూపు పోలేదు. మనిషి ముఖం కంటే ముందు నడక చూసేవాడు. "ఏమ్మా, మడమ నొప్పా?" అని కుట్టుపని ఆడపిల్లల్ని అడిగేవాడు.

"మీ నాయన వయసులో ఉన్నప్పుడు ఒక జింకను చూసినాడే" అంది మునివెంకటమ్మ. "ఎడమ కొమ్ము మెలి తిరిగుండాది. అట్లాంటిదాన్ని వేటగాళ్ళు కొట్టరు. అడివమ్మ శాపమని దండం పెట్టి, దానికల్లా చూడకుండా తిరుక్కోవాల. అందరూ తిరుక్కున్నారు. మీ నాయన తిరుక్కోలేదు. చూస్తా నిలబడినాడు. దాని కుడి ఎనక కాలు ఎప్పుడో ఇరిగి, వంకరగా అతుక్కోనుండాది. ఇంకో ఏడు ఇంకోదాన్ని చూసినాడు. దానికి ఎడమ కాలు ఇరిగి, కుడి కొమ్ము మెలి తిరిగుండాది. శాపం కాదప్పా, ఒక పక్క కాలు ఇరిగితే ఇంకో పక్క కొమ్ము మెలి తిరుగుతుంది అని మీ నాయన అంటే, 'కాలు ఎనకుంటే ముందరి కొమ్ముకేం రోగంరా' అని మీ జేజినాయన వాళ్ళు పడీపడీ నవ్వినారంట."

హేమలత నవ్వలేదు. "ఆ జింక ఏమయింది?"

"బతికింది. మందతోనే మేస్తా ఉండిందంట. అంత నొప్పి మోసే జీవాన్ని కొట్టడానికి చెయ్యి రాలేదని వేటే మానుకున్నాడు మీ నాయన. కొట్టిన రోజులూ ఉండాయి, నేను లేదనను. కానీ బిడ్డ పాదం చూడకుండా నువ్వు మొకం తిప్పుకుంటే, ఆయన ఒప్పడు."

హేమలత బిడ్డకు చుట్టిన గుడ్డ తొలగించి, ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుంది. రేణుక వచ్చిపోయినాక దాన్ని చూడటం ఇదే మొదలు.

మర్నాడు పొద్దున మునివెంకటమ్మ దీపం వెలిగించేసరికి ఫోటో మేకుకు ఉంది. బయట ఆటో ఆగింది. ఆస్పత్రి సంచి భుజాన వేసుకున్న హేమలత గడప దగ్గర ఆగి, బిడ్డ ముఖం గోడవైపు తిప్పింది.

"తాతకు టాటా చెప్పు" అని చిన్న చెయ్యి పట్టి ఊపింది.