పోలేదు, సొమ్మసిల్లింది

బాబాయ్ నోట 'చచ్చింది' అనే మాట ఎవరూ విని ఎరగరు. ఇస్త్రీపెట్టె కాలి కమురు కంపు కొట్టనీ, గడియారం ముల్లు ఊడి చేతికి రానీ, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాసేపు దాన్ని ఎగాదిగా చూసి, "పోలేదు, సొమ్మసిల్లింది" అనేవాడు. ఆయన భార్యని వీధి వీధంతా పిన్ని అని పిలిచేది. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు పోతే ఆయన్ని వెంటబెట్టుకుని పరామర్శకు వెళ్లాలంటే ఆవిడకి హడల్. అలవాటు కొద్దీ అక్కడా అదే మాట అనేస్తాడేమోనని.

ఆయన వైద్యంతో బతికి బట్టకట్టినవి లేకపోలేదు. ఇస్త్రీపెట్టె బతికింది. కాకపోతే అడుగు చల్లగా ఉండి పిడి కాలేది. మిక్సీ కూడా బతికింది గానీ, నెత్తిన మొట్టికాయ పడితే తప్ప తిరిగేది కాదు.

"అచ్చం మీలాగే," అనేది పిన్ని.

ఒకరోజు బడి తోటమాలి కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బడి ఆటస్థలంలో గడ్డి కోయడానికి బ్యాటరీలతో నడిచే పాత ట్రాక్టరు ఒకటుంది. ముందు మూత కింద మూడు పెద్ద బ్యాటరీలు. ఎక్కి కూర్చుని తిప్పితే కింద బ్లేళ్లు గడ్డి కోసుకుపోతాయి. తోటమాలి కాలు విరిగి మంచాన పడ్డాక దాన్ని చార్జి చేసిన నాథుడు లేడు. కాలు అతికింది గానీ మోకాలు వంగడం మానేసింది. తోసుకుంటూ కోసే మిషనుతో అంత స్థలం తిరగడం ఇక అతని వల్ల కాదు.

"సోమవారం పాత ఇనుపసామాన్లవాడు వస్తాడంట సార్. ఈలోపు ట్రాక్టరు నడిస్తే నేను ఉంటాను. లేకపోతే దాంతోపాటే నన్నూ పంపేస్తానన్నాడు మేనేజరు. మెకానిక్కేమో మూడు బ్యాటరీలూ చచ్చాయన్నాడు."

"ఎవడా మాటన్నది?" బాబాయ్ అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. "పోలేదయ్యా, సొమ్మసిల్లాయి."

సాయంత్రానికి మూడూ బాబాయ్ వరండాలో కొలువు తీరాయి. వంటసోడా డబ్బా వంటింట్లోంచి మాయమైంది. ఆ సోడా కలిపిన నీళ్లతో పైనున్న తెల్లటి తుప్పంతా కడిగాడు. బిరడాలు విప్పి చూస్తే లోపల సీసం పలకలు నీళ్లు లేక నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ పోసి చార్జర్ తగిలించాడు. కొత్త చార్జర్ వీటిని బ్యాటరీలుగానే గుర్తించలేదు. అటక మీది పాత చార్జర్‌కి అలాంటి పట్టింపులు లేవు. కరెంటు సన్నగా పెట్టి, పూటపూటా మీటర్‌తో నాడి చూసేవాడు. యాసిడ్ చుక్కలు పడి ఆయన చొక్కాలన్నీ జల్లెళ్లయ్యాయి.

"నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యన్నా వేశారా ఎప్పుడైనా?" అంది పిన్ని.

"నువ్వు నోరు తెరిచి చెప్పగలవు. అవి పాపం చెప్పలేవుగా."

"వాటికి కాళ్లుంటే ఈపాటికి పారిపోయేవి."

అయితే పిన్ని నోరు మూయిస్తూ రెండు బ్యాటరీలు నిజంగానే లేచి కూర్చున్నాయి. మీటర్ అంకె పైకి పాకింది, లోపల సన్నగా బుడగలు లేచాయి. మూడోదాంట్లో మాత్రం ఆరు గదులకి ఐదు బుసబుసలాడితే ఆరోది ఉలకలేదు, పలకలేదు. బాబాయ్ దానికి చెవి ఆనించి విన్నాడు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

"ఒక్కసారి పోయిందనండి. నోరేం పడిపోదు."

"పోలేదు. సొమ్మసిల్లింది," అని మీటర్ మళ్లీ ఓసారి పెట్టి చూసి, "కొంచెం గట్టిగా," అన్నాడు.

సోమవారం పొద్దున పిన్ని బట్టలారేద్దామని పెరట్లోకి వెళ్తే దండెం తాడు లేదు. దొంగలు తాళ్లు కూడా వదలట్లేదని తిట్టుకుంటుండగా కరెంటు పోయింది. ఫ్యాను నీరసంగా రెండు చుట్లు తిరిగి ఆగింది. గుర్రుమంటూ అందుకోవాల్సిన ఇన్వర్టర్ కిక్కురుమనలేదు. మెట్ల కింద తలుపు తీసి చూసింది. నిరుడు పోట్లాడి కొనిపించుకున్న ఇన్వర్టర్ బ్యాటరీ అక్కడ లేదు. దాని చోట వంటసోడా చారలతో ఆ మూడో బ్యాటరీ హాయిగా కూర్చుని ఉంది.

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. బడి దాకా ఒక్క ఊపున నడిచింది.

ఆటస్థలంలో ట్రాక్టరు గడ్డి కోస్తోంది. వంగని కాలు పక్కకి బారజాపుకుని తోటమాలి పైన దర్జాగా కూర్చున్నాడు. ఇన్వర్టర్ బ్యాటరీ పొడుగెక్కువై మూత పడలేదు కాబోలు, పిన్ని దండెం తాడుతో కట్టేశారు. దానికి క్లిప్పు ఒకటి ఇంకా వేలాడుతోంది. ఇనుపసామాన్లవాడు ఖాళీ బండి తిప్పుకుంటున్నాడు. మేనేజరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు, పక్కనే బాబాయ్.

పిన్నిని చూడగానే తోటమాలి ట్రాక్టరు ఆపాడు. "అమ్మగారూ, మూడోది కూడా బతికిందండీ! చార్జి పట్టి కాస్త ఉబ్బిందంట, అంతే! సార్ చెయ్యి పడితే చాలు!"

బాబాయ్ ఉన్నట్టుండి ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టాడు.

మూత సందులోంచి ఆ బ్యాటరీ బిరడా కనబడుతోంది, నీళ్లు పోసినప్పుడు గుర్తుకని పిన్ని పెట్టిన ఎర్ర నెయిల్ పాలిష్ చుక్కతో సహా. ఇప్పుడు నిజం చెబితే ఆ అభిమానస్తుడు దిగి, దాన్ని విప్పి ఆవిడ ముందు పెట్టేస్తాడు. ఖాళీ బండి మళ్లీ ట్రాక్టరు వైపు తిరుగుతుంది. పిన్నికి మొగుడి మీద మంటా, ముద్దూ ఒకేసారి వచ్చాయి.

"ఏంటమ్మా ఇలా వచ్చారు?" అన్నాడు మేనేజరు.

"మా ఇన్వర్టర్ పనిచెయ్యట్లేదు. ఈయన్ని తీసుకెళ్దామని."

"అయ్యో, బ్యాటరీ చచ్చిందా అమ్మగారూ?" అన్నాడు తోటమాలి.

పిన్ని బాబాయ్‌ని నిలువునా ఒక చూపు చూసింది.

"లేదు నాయనా," అంది. "సొమ్మసిల్లింది."

ఇంటికెళ్లాక ఆవిడ చాప పరుచుకుని పడుకుని, విసనకర్ర ఆయన చేతిలో పెట్టింది. కరెంటు జాడ లేదు. బాబాయ్ కుడిచేత్తో విసిరాడు, ఎడంచేత్తో విసిరాడు, చివరికి ఆపాడు.

"ఏమైంది?" అంది పిన్ని, కళ్లు తెరవకుండానే.

"చెయ్యి చచ్చిందే," అన్నాడు బాబాయ్.