పై ఊరి నుంచి పిలుపు

మా కాలమ్, అంటే సహాయానికి పంపిన చిన్న సైనిక దళం, ఆ లోయలో దిగేసరికి వాన పడుతూనే ఉంది. ఆగస్టు నెల. ఉత్తరాది కొండలు. ఊళ్ళ పేర్లు చెప్పను. అక్కడ ఇంకా మనుషులు బతుకుతున్నారు. అంతకు ముందు రోజు కుండపోతగా కురిసి, వాగు పొంగి, వంతెనను ఎత్తుకుపోయింది. రోడ్డు చాలాచోట్ల తెగింది. కరెంటు లేదు. సెల్ టవర్లు కూలాయి. చివరి కొంత దూరం లారీలు దిగి, సామాను వీపున వేసుకుని నడిచాం. నా వీపున వైర్‌లెస్ సెట్టు, బ్యాటరీలు, చుట్టిన యాంటెన్నా. రెయిన్‌కోటు తీసి సెట్టుకు కప్పాను. నేను తడిశాను.

సైన్యంలో వైర్‌లెస్ పని చూసే సిగ్నల్స్‌లో హవల్దారును నేను. సొంతూరు జహీరాబాద్. యుద్ధం చూశావా అని ఊళ్ళో అడుగుతుంటారు. నేను చెప్పగలిగేది ఈ లోయ గురించే. ఇక్కడ ఎవరూ తుపాకి పేల్చలేదు.

కింది బజారులోని బస్టాండు షెడ్డు మాకు మకాం. ఆదేశాలు మూడు: దారి తెరవడం, గాయపడ్డవాళ్ళను దింపడం, బేస్‌తో మాట తెగకుండా చూడటం. మూడోది నా పని. షెడ్డుకు ఎదురుగా వాగు. వాగు అవతల కొండ. ఆ కొండ భుజం మీద పై ఊరు. కొండ కడుపు అడ్డం వల్ల ఊరు మాకు కనబడదు. ఊరి పక్కనుంచి గుట్ట మీదికి పోయే కాలిబాట మాత్రం కనబడుతుంది. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా తెల్లటి గీతలాగా తేలేది.

మా డ్రైవర్ నారాయణఖేడ్ దిక్కువాడు. ఆ లోయలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. మర్నాడు పొద్దున దుర్భిణి పెట్టి చూస్తూ అన్నాడు: "అన్నా, గా బాట చూడు. అంత వానకు గూడ ఏం కాలే. రాతి మీద ఉన్నది గావచ్చు."

నేనూ చూశాను. బాట చెక్కుచెదరకుండా ఉంది. ఆ బాట గురించి అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. వాగు తగ్గితే పై ఊరికి పోదామని మా కాలమ్‌ను నడిపే సుబేదార్ సాబ్ ఎదురుచూస్తున్నాడు.

ఎండ మొహం చూడకుండానే మధ్యాహ్నమైంది. పైనుంచి ఒక శబ్దం వచ్చింది. బరువుగా, చాలాసేపు. పిడుగు అనుకున్నాం. డ్రైవర్ మాత్రం తింటున్న రొట్టె పక్కన పెట్టాడు.

"గది ఉరుము కాదన్నా," అన్నాడు.

ఆ తర్వాత కొద్దిసేపటికే బేస్ నుంచి పిలుపు వచ్చింది.

"పై ఊరి సమాచారం. బడి వెనక కొండ చీలింది. జనం బడిలో తలదాచుకున్నారు. గుట్ట మీదికి తప్పించుకుపోవాలంటే బాట పైన ఉందో తెగిందో ఊళ్ళోంచి కనబడదట. మీకు కనబడుతోందా? ఓవర్."

"కనబడుతోంది. బాట బాగుంది. ఇప్పుడే కదలమనండి. సమాచారం ఎప్పటిది? ఓవర్."

"తెల్లవారుజామున పంపారట. ఓవర్."

"ఎవరి ద్వారా? ఓవర్."

"బీదర్ నుంచి ఎవరో కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేశాడు. రేడియోలో విన్నాడట. ఓవర్."

సుబేదార్ సాబ్ అప్పటికే తడి బూట్లలో కాళ్ళు దూర్చి లేస్ కట్టుకుంటున్నాడు. బీదర్ మా ఊరికి ఎంత దగ్గరో మా కాలమ్‌లో తెలిసింది మా ఇద్దరికే. డ్రైవర్ నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను. బీదర్‌లో విన్నది వాగు ఇవతల ఉన్న మాకు ఎందుకు వినబడలేదని వాడి చూపు అడిగింది. నాకు తెలుసు. ఆ రకం రేడియో అల ఆకాశం దాకా ఎగిరి, దూరంగా దిగుతుంది. దగ్గరవాళ్ళ నెత్తి మీదుగా దాటిపోతుంది. పైగా మా సెట్లు వేరే మీటరు మీద, అంటే వేరే కొలత అల మీద ఉంటాయి. మా దగ్గర జవాబు ఉంది. ప్రశ్న మాత్రం దేశం తిరిగి వచ్చింది.

తాడు కట్టి వాగు దాటాం. నడుము దాకా నీళ్ళు, మంచులాంటి చలి. గాయపడ్డవాళ్ళ కోసం మా వెంట వచ్చిన నర్సింగ్ అసిస్టెంట్ ఒకసారి జారాడు, పట్టుకున్నాం. పైకి ఎక్కేసరికి సాయంత్రం అవుతోంది. బడి ఉండాల్సిన చోట మట్టి ఉంది. పచ్చి మట్టి వాసన, విరిగిన దేవదారు కొమ్మల వాసన. కొన్ని ఇళ్ళు మిగిలాయి, కొందరు మనుషులు మిగిలారు. వాళ్ళు ఒట్టి చేతులతో తవ్వుతున్నారు.

ఎక్కడ తవ్వాలో మాకు తీగ చూపించింది. పై అంచున ఒక చెట్టు మిగిలింది. దానికి కట్టిన రాగి తీగ మట్టిలోకి దిగిపోయింది. అది యాంటెన్నా అని చూడగానే తెలిసింది. తీగ వెంట తవ్వుకుంటూ పోయాం. తీగ చివర మాస్టారు ఉన్నాడు. ఆ బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆయన చుట్టూనే మిగతావాళ్ళు ఉన్నారు. పిల్లల్ని గోడ వారకు కూర్చోబెట్టి, పెద్దవాళ్ళు బయటివైపు కూర్చున్నారు. ఇంతకన్నా చెప్పను.

మాస్టారు హ్యామ్. అంటే సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, సొంత సెట్టుతో దేశదేశాలవాళ్ళతో సరదాకు మాట్లాడే మనిషి. అమెచ్యూర్ రేడియో అంటారు. మన దేశంలో అట్లాంటివాళ్ళు జిల్లాకు ఒకరో ఇద్దరో ఉన్నారు. టవర్లు కూలినా వాళ్ళ మాట పోతుంది. మాట పోవడం ఒకటే చాలదని ఆ కొండ మీద తెలిసింది.

ఆ ఏడే నా సర్వీసు ముగిసింది. జహీరాబాద్ వచ్చి, బైపాస్ రోడ్డు మీద బ్యాటరీల దుకాణం పెట్టుకున్నాను. ట్రాక్టర్లు, చెరుకు లారీలు, అన్నీ అక్కడే ఆగుతాయి. పని బాగానే ఉండేది. బీదర్ బస్సులు మాత్రం దుకాణం ముందు నుంచే పోయేవి. ఒకనాడు షట్టర్ దించి ఎక్కాను.

ఆ ఫోన్ చేసిన మనిషి పేరు, నంబరు బేస్‌వాళ్ళను అడిగి ముందే రాసుకున్నాను. పేరు వీరన్న. బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఇంట్లో కన్నడం, గిరాకీతో తెలుగు, మరాఠీ. నేను ఎక్కడినుంచి వచ్చానో చెప్పగానే చేతిలో రాగి చుట్ట కింద పెట్టాడు.

"మిలిటరీ సాబ్, ఎంతమంది పోయిన్రు?"

చెప్పాను. తల తిప్పి మూలకు చూశాడు. దుకాణం మూలన గోనె సంచి కప్పిన సెట్టు ఉంది. దాని మీద దుమ్ము.

"తెల్లారక ముందు లేచి సెట్టు పెడ్తుంటి. గా టైముల దూరపు మాట మంచిగ వినొస్తది. మాస్టర్ సాబ్ పిలుస్తున్నడు. ఎవరూ జవాబిస్తలేరు. నేనిచ్చిన. కింద మిలిటరీ ఉన్నదట, బాట ఉన్నదా లేదా అడుగు, గంతే అన్నడు."

"అడిగినవు గదా అన్నా."

"హెల్ప్‌లైన్‌కు చేసిన. ఇంకో నంబరిచ్చిన్రు. గది ఎత్తలే. ఇంకోటి ఎత్తిన్రు. నువ్వెవరు, బీదర్ల ఉండి నీకెట్ల తెల్సు అన్నరు. ఏం చెప్పాలె? మోటార్లు చుట్టేటోణ్ణి అని చెప్పిన. పెట్టేసిన్రు. తోటి హ్యాములను పిలిచిన. ఒకాయన పూజల ఉన్నడు, ఒకాయన సెట్టు బంద్ పెట్టి ఆఫీసుకు పోయిండు. నడుమ నడుమ మాస్టర్ సాబ్ అడుగుతనే ఉన్నడు." గొంతు తగ్గించాడు. "జర ఆగున్రి, అడుగుతున్న, ఎటూ పోకున్రి అని చెప్పిన. నేను ఆగుమంటే ఆగిన్రు అన్నా."

నా ముందు కప్పులో చాయ్ చల్లారిపోయింది.   లేచేముందు ఆయనే అన్నాడు: "ఒక్క మనిషి మాట ఎవరూ నమ్మరు. వెనకాల ఒక పేరు ఉండాలె. దేశమంత ఎరుకున్న పేరు. ఫోన్ చేసి గా పేరు చెప్తే అవతలోడు కలం పట్టుకోవాలె."

ఇంటికి వచ్చి నా భార్యతో చెప్పాను, దేశం మొత్తానికి ఒక సంఘం పెట్టాలని. ఆమె నా మొహం చాలాసేపు చూసింది. "ఇంటికొచ్చినంక గూడ డ్యూటీయేనా?" అంది. కోపంగా అనలేదు. "మరి పెట్టు. నిద్రల గూడ ఓవర్ ఓవర్ అనుడు అట్లనన్న తగ్గుతదేమో."

నేనూ పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నాను. రోజూ పొద్దున సెట్టు ముందు కూర్చుని, దొరికిన ప్రతి గొంతుకూ పై ఊరి సంగతి చెప్పాను. అస్సాం, కేరళ, కచ్. కొందరు విన్నారు. కొందరు వాతావరణం గురించి మాట్లాడి మీటరు మార్చుకున్నారు. చివరికి చలికాలంలో ఒక ఆదివారం జహీరాబాద్‌లో కూడుదామని తీర్మానమైంది. మూడు రాష్ట్రాలవాళ్ళకు బస్సు దిగితే చాలు. చిరాగ్‌పల్లి పోయే దారిలో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నాం. రాలేనివాళ్ళ కోసం డాబా మీద యాంటెన్నా కట్టి, వేదిక మీద సెట్టు పెట్టాం. బయట ముంబై లారీలు పోతుంటే అద్దాలు అదిరేవి.

నేను అడిగింది ఒక్కటే. పగలూ రాత్రీ, ప్రతి గంటకూ ఇద్దరు వినాలి. పిలుపు వస్తే ఒకరు సెట్టు వదలకూడదు, ఇంకొకరు ఫోన్ వదలకూడదు. ప్రతి రాష్ట్రంలో కంట్రోల్ రూములకు పోయి మా పేరు, మా మనుషుల పేర్లు ముందే తెలిసేటట్టు చేయాలి.

హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన లేచాడు. అక్కడి ఒక పాత క్లబ్బును చాలా ఏళ్ళు నడిపిన మనిషి. నన్ను లైసెన్సు పరీక్షకు తయారు చేసిందీ ఆయనే.

"నాయనా, ఉన్న క్లబ్బులు చాలవా? ఇది సరదా విద్య. ఎవరికి తీరినప్పుడు వాళ్ళు సెట్టు పెడతరు. మీరు వంతులు పెట్టి పారా కాయిస్తమంటే ఎవరుంటరు? హాబీ వేరు, డ్యూటీ వేరు. రేపు మా మనిషి నిద్రపోయిన గంటల ఇంకో ఊరు పోతే ఆ పాపం ఎవరిది?"

మంచి ప్రశ్న. హాల్లో చాలామంది తలలాడించారు. నేను లేవబోయాను. వెనక వరుసలోంచి వీరన్న లేచాడు. వస్తాడని అనుకోలేదు.

"సాబ్, గా పాపం నాకెరుక," అన్నాడు. "నేను నిద్రపోలే. మేలుకునే ఉన్న. ఒక్కణ్ణే ఉన్న. గంతే."

కూర్చున్నాడు.  తర్వాత వేదిక మీద సెట్టు గరగరలాడింది. అస్సాం నుంచి ఒక టీచరమ్మ గొంతు, హిందీలో. "మీరు చెప్పింది సగమే వినబడింది. తెల్లవారుజాము వంతు నాకు రాయండి."

అయినా మధ్యాహ్నం భోజనాల తర్వాత హాలు సగం ఖాళీ అయింది. పెద్దాయన వెళ్తూ నా భుజం మీద చేయి వేశాడు. మిగిలినవాళ్ళం సంతకాలు పెట్టాం. జాతీయ సంఘం అని బోర్డు రాయించాం. ఆ బోర్డు నా దుకాణం మీదే, బ్యాటరీల బోర్డు కింద ఉంది. చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు. కంట్రోల్ రూములవాళ్ళు మొదట్లో మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి మరిచిపోయేవారు. మళ్ళీ వెళ్ళేవాళ్ళం. సంఘంలోంచి కొందరు వంతులు మోయలేక మానేశారు. వాళ్ళ గంటలు మిగతావాళ్ళం పంచుకున్నాం.

రెండో వానాకాలంలో ఈశాన్యం నుంచి ఒక పిలుపు వచ్చింది. నది గట్టు తెగుతోంది, పడవ కావాలి. వంతు వీరన్నది. గోనె సంచి తీసి చాలా రోజులైంది. ఆయన సెట్టు మీద ఉన్నాడు, టీచరమ్మ ఫోన్ మీద ఉంది. పడవ పోయింది. అది చేరేలోపే ఒక ముసలాయన, ఆయన ఎద్దులు కొట్టుకుపోయారు. మిగతా ఊరు బయటపడింది. వీరన్న నాకు ఫోన్ చేశాడు. "మన పేరు చెప్పంగనే రాసుకున్నరట అన్నా," అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు. ఎవరి కోసమో నేను అడగలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆ హాల్లో చెప్పలేదు. వీరన్నకూ చెప్పలేదు. లోయ నుంచి మేము తిరిగి బయల్దేరిన రోజుది.

వాన ఆగింది. తెగిన రోడ్డు తెరిచాక మా లారీ షెడ్డు దాకా వచ్చింది. సామాను కట్టేస్తున్నాం. నా సెట్టు ఆఖరున. ఒక ముసలమ్మ షెడ్డు దగ్గరికి వచ్చింది. మాస్టారి తల్లి. వాన రోజుల్లో కింది బజారులో కూతురింట్లో ఉంది కనుక బతికింది. ఆమె మాట మాకు సరిగా అర్థం కాదు. సెట్టు వైపు చూపించి, చేయి చాపింది. నేను సుబేదార్ సాబ్ వైపు చూశాను. ఆయన డ్రైవర్‌ను ఇంజన్ ఆపమన్నాడు.

రిసీవర్ ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, తన కొండ భాషలో మాట్లాడింది. నెమ్మదిగా, ఇంట్లో మాట్లాడినట్టే. మధ్యలో కొంగుతో నోరు తుడుచుకుంది. మాట్లాడటం అయ్యాక చెవికి ఆనించుకుని వింది. అందులో వట్టి హోరు తప్ప ఏమీ లేదు. కాలమ్ అంతా నిలబడి ఉంది. ఆమె చాలాసేపు వింది. తర్వాత అవతల ఎవరో ఏదో చెప్పినట్టు తలూపి, రిసీవర్ నా చేతిలో పెట్టి, బజారు వైపు నడిచి వెళ్ళింది.