సిరిసిల్ల హారన్

మేము కారు కొన్నప్పుడు కంపెనీ ఇచ్చింది ఉత్త కారే. దాన్ని నిండు ముత్తైదువను చేసింది మాత్రం మా చుట్టాలు.

మా వైపు చుట్టాలు శుభకార్యానికి ఉత్త చేతులతో రారు. గృహప్రవేశానికి గిన్నెలు, పెళ్ళికి మంచాలు చదివించినట్టే, వేములవాడలో కారు పూజకు కూడా ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు తెచ్చారు. జగిత్యాలలో ఉండే మా ఆడబిడ్డ భర్త ముందు బంపర్‌కు ఫాగ్ లైట్లు తెచ్చాడు. మేముండే కోరుట్లలో అంత మంచు ఎప్పుడు కురుస్తుందో ఆయనకే తెలియాలి. మా పెద్దమామ తెచ్చిన సీటు కవర్లు ఎంత దళసరివంటే, కూర్చుంటే నా తల పైకప్పుకు తగిలేది. వద్దనడానికి లేదు. చుట్టం పెట్టినదాన్ని వద్దంటే ఆ చుట్టాన్నే వద్దన్నట్టు.

మా తమ్ముడు హారన్ తెచ్చాడు. వాడిది సిరిసిల్ల, మరమగ్గాల షెడ్డులో పని. ఆ మగ్గాలను అక్కడ సాంచెలంటారు. పొద్దంతా సాంచెల చప్పుడులో ఉండేవాడికి మామూలు చప్పుళ్ళు చెవికెక్కవు. అన్నం దగ్గర ఉప్పు అందుకోమన్నా వీధి చివరిదాకా వినిపించేట్టు అడుగుతాడు. మా కారు హారన్ ఒకసారి నొక్కి చూసి మొహం ముడుచుకున్నాడు.

"గిదేం హారనే అక్కా, దోమ మొత్తుకున్నట్టున్నది. దీనికి బస్సోడు జరుగుతడా?"

బస్సును జరిపే హారన్ వాడే స్వయంగా బిగించాడు. వైరు ఒకచోట కోశాడు, ఒకచోట కలిపాడు, టేపు చుట్టాడు. నొక్కి చూస్తే గుడి ముందు మొక్కు కోడెలు తాళ్ళు తెంపుకోబోయాయి. "గిప్పుడు మంచిగున్నది" అన్నాడు వాడు. నాకు గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

మా అత్తమ్మది వేరే పద్ధతి. అందరూ బానెట్ మీద బొట్టు పెట్టి దండం పెడితే ఆమెకు నచ్చలేదు. "మీదికెల్లి మొక్కితే ఏమొస్తది? నడిపిచ్చేది లోపలున్నది గద" అంది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం మా ఆయన బానెట్ ఎత్తిపెట్టి స్నానానికి పోయేవాడు. ఆమె చెంబుతో పసుపునీళ్ళు, చేతిలో కుంకుమ, బంతిపూలు పట్టుకుని వచ్చేది. ఇంజన్ చూస్తే బోనాల నాటి గుడిలా కళకళలాడేది.

కొన్ని నెలలకు అత్తమ్మ మేనమామ పోయాడని జగిత్యాలకు పరామర్శకు వెళ్ళాం. కారు వీధిలో ఆపి లోపలికి పోయి కూర్చున్నాం. అత్తమ్మ ఆయన భార్యను పట్టుకుని అప్పుడే ఏడుపు అందుకుంది. సరిగ్గా అప్పుడే బయట మా హారన్ మొదలైంది. ఎవరూ నొక్కలేదు, దానంతట అదే. ఆగనూ లేదు. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపి తలలు తిప్పి చూశారు. "ఎవలదో పెండ్లికారు అచ్చినట్టున్నది" అన్నాడొక ముసలాయన. మా ఆయన ఉరికి బ్యాటరీ వైరు పీకేదాకా, దండ వేసిన ఫొటోలోంచి ఆ పెద్దాయన లేచి వస్తాడేమోనని నాకు భయం వేసింది.

అత్తమ్మ కళ్ళు తుడుచుకుని, అందరి ముందే నావైపు చూసింది.

"మీ తల్లిగారి సొమ్ము ఎసొంటిదో పదిమందికి వినవడ్డది."

ఆ మాట సిరిసిల్ల చేరడానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు. తమ్ముడు ఆ తర్వాత మా గడప తొక్కలేదు. బట్టల మూటలు దించడానికి కోరుట్ల వచ్చినా బస్టాండు నుంచే తిరిగి పోయాడు. నేనే ఫోన్ చేస్తే, "ఏం మొఖం పెట్టుకొని రావాలె అక్కా" అన్నాడు. అంత మెల్లగా మాట్లాడటం వాడికి వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఆ రోజు నుంచి అత్తమ్మకు అన్నం పెడితే గిన్నెల చప్పుడే తప్ప నా నోటి మాట వినిపించలేదు. మా ఆయన సంగతి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

కారు కూడా అప్పటినుంచి బుద్ధి పుడితేనే స్టార్టయ్యేది. వారంటీ ఉంది కదా అని అత్తమ్మతో సహా ముగ్గురం జగిత్యాల షోరూంకు బయలుదేరాం. బయటి ఫిట్టింగులు కంటపడితే వారంటీ మొత్తం పోతుందని పక్కింటాయన బెదిరించాడు. అందుకని లైట్లు, కవర్లు, హారన్ అన్నీ ఊడబీకి గోనెసంచిలో కట్టాం. ఆ సంచి ఇంట్లో పెడితే సరిపోయేది. కానీ షోరూం నుంచి ఆడబిడ్డ ఇంటికి పోవాలి. అక్కడ తన లైట్లు లేని కారు చూస్తే ఆమె భర్త చిన్నబుచ్చుకుంటాడు. దారిలో మళ్ళీ బిగించుకోవచ్చని సంచిని డిక్కీలోనే పెట్టుకున్నాం.

షోరూంలో సర్వీసు చూసే అతను మొట్టమొదట తెరిచింది డిక్కీనే.

"గిదేంది సార్?"

"బియ్యం" అన్నాడు మా ఆయన. సంచి మూతిలోంచి హారన్ బయటికి తొంగి చూస్తోంది.

అతను నవ్వు ఆపుకున్నాడు. "దాచుడెందుకు సార్? బయటి ఫిట్టింగ్ పెడితే మొత్తం వారంటీ ఏం పోదు. ఎక్కడ వైరు కోసిన్రో, దానితోని ఏది ఖరాబైందో, గంతవరకే మేం ఇయ్యం. ఇంజన్‌కు, మీ సీటు కవర్లకు ఏం సంబంధం?"

"గా హారన్ తోనే అయింది బిడ్డా. కోడలు తమ్ముడు వైరు కోసిండు" అంది అత్తమ్మ.

అతను బానెట్ ఎత్తాడు. తమ్ముడు చుట్టిన టేపు పట్టి చూసి వదిలేశాడు. పక్కనున్న ఫ్యూజుల డబ్బా మూత తీసి వంగి చూశాడు. లోపల పసుపు అట్టకట్టి ఉంది. దానికి ఎండిన బంతిరేకులు అంటుకుని ఉన్నాయి.

"హారన్‌తోని కాదమ్మా. దీంట్ల నీళ్ళు పోయి లోపల తుప్పు వట్టింది. గందుకే హారన్ దానంతటదే కొట్టింది, బండి స్టార్టయితలేదు. నీళ్ళు పోసినదానికి వారంటీ రాదు."

అత్తమ్మ తగ్గలేదు. "దేవునికి మొక్కితే గుడ వారంటీ పోతదా?"

"దేవునికి మొక్కుండ్రి అమ్మా, ఫ్యూజు డబ్బాకు మొక్కకుండ్రి. కంపెనీకెల్లి కారు పసుపు లేకుంటనే అచ్చింది. గిది గూడ బయటి ఫిట్టింగే."

ఫిట్టింగులన్నీ పీకిన మాకు, దీన్ని కూడా పీకాలని ఎవరికీ తోచలేదు.

కారు అక్కడే వదిలి, ఆడబిడ్డ ఇంటి ప్రయాణం కూడా మానుకుని బస్సెక్కాం. అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని గోనెసంచిని ఒళ్ళో పెట్టుకుంది. మా ఆయన తీసుకోబోతే ఇవ్వలేదు. నా నాలుక మీద నెల నుంచి దాచిన మాటలున్నాయి. మీ పసుపు కూడా పదిమందికి వినవడ్డది అనాలని ఎంతో ఉంది. ఆమె మొహం చూస్తే చిన్నదైపోయి ఉంది. జాలేసింది. జాలేసినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

కోరుట్లలో బస్సు దిగగానే అత్తమ్మ, "నీ తమ్మునికి ఫోన్ కలుపు" అంది. కలిపి ఇచ్చాను.

"అల్లుడా, ఐతారం రా. నీ హారన్ వీళ్ళు ఇప్పిన్రు. బిగిచ్చుడు నీకే అత్తది."

నేను చెవి దగ్గరగా పెట్టాను. వాడు ఇంకా మెల్లగానే మాట్లాడుతున్నాడు. "మల్ల వైరు కోస్తే వారంటీ పోదా అత్తమ్మా?"

"పోతే పోనీ. గది మూడేండ్లకు ఎట్లన్న పోయేదే. నువ్వు మా ఇంటికి రాక నెల దాటింది."

ఈసారి వాడు "అస్తనత్తమ్మా" అన్న మాట బస్టాండులో నిలబడ్డవాళ్ళందరికీ వినిపించింది. అత్తమ్మ ఫోన్ చెవికి దూరంగా పట్టుకుంది.

కారు ఇంటికి వచ్చాక తమ్ముడు కూడా వచ్చాడు. హారన్ బిగించి, నాలుగుసార్లు నొక్కి, అత్తమ్మ పెట్టిన కోడికూర తిని పోయాడు. తరువాతి శుక్రవారం మా ఆయన ఎప్పటిలాగే బానెట్ ఎత్తి స్నానానికి పోయాడు. అత్తమ్మ చెంబు లేకుండా వచ్చింది. ఒక్క హారన్‌కు మాత్రం బొట్టు పెట్టింది, పొడి కుంకుమతో.