అన్న వినని ఆఖరి భాగం

మొన్న ఆదివారం బోడుప్పల్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్తే, మనవరాలు తన తమ్ముడితో పెద్ద గొడవ పెట్టుకుని కూర్చుంది. ఏదో గ్రహాంతర యుద్ధాల సినిమా, తర్వాతి భాగం వచ్చే ఏడాది గాని రాదట. అందులో రాణి బతికి వస్తుందని ఇది, రాదని వాడు. వాళ్ల అరుపులు వింటూ నవ్వబోయి ఆగిపోయాను. టీ వద్దని చెప్పి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను.

వారపత్రిక సీరియల్ కోసం కాచుకోవడమంటే ఏమిటో నా వయసువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మా నాచారం అప్పటికి సగం ఊరు, సగం ఫ్యాక్టరీలు. జొన్న పండిన మా చేనులోనే షెడ్డు లేచింది, దాని గేటు దగ్గరే మా బాపు వాచ్‌మన్‌గా కూర్చునేవాడు. అన్న ఇంకో చోట లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పత్రిక మా దగ్గరికి శుక్రవారం గాని వచ్చేది కాదు, అంతవరకు ఆగడం మా ఇద్దరివల్లా అయ్యేది కాదు గనుక, గురువారం డ్యూటీ దిగగానే అన్న సైకిలెక్కి ఉప్పల్ చౌరస్తాకు పోయి కొనుక్కొచ్చేవాడు. గ్రీజు చేతులు కడుక్కుని అన్న అన్నం ముందు కూర్చుంటే, నేను పైకి చదివేదాన్ని. ఎండిపోయిన భూమిని వదిలి, నీళ్లున్న గ్రహాన్ని వెతుక్కుంటూ నక్షత్రనౌకలో ఒంటరిగా వెళ్లిన ఒక యువకుడి కథ అది. సరిగ్గా నౌక తలుపు తెరుచుకునే చోట ఆపేసి 'ఇంకా ఉంది' అని వేసేవారు. అన్న ముద్ద చేతిలోనే పట్టుకుని రాసినాయన్ను తిట్టేవాడు.

ఇక వారమంతా అదే వాదన. ఆ అబ్బాయి ఇంటికి తిరిగొస్తాడని నేను. అన్న ఒప్పుకునేవాడు కాదు. "పిచ్చి సెల్లె, గంత దూరం పోయినోడు ఎనుకకు ఎందుకొస్తడే? ఆడనే ఉంటడు సూడు" అనేవాడు. బాపు మా ఇద్దరినీ చూసి, "లేని ఊర్ల ముచ్చట్లకు గింత లొల్లా" అని విసుక్కునేవాడు.

ఆ వానకాలం అన్నకు కామెర్లు ముదిరాయి. పసరు మందులతో కొన్నాళ్లు గడిపి, ఆలస్యంగా దవాఖానాలో చేర్చాం. అక్కడికీ పత్రిక తీసుకెళ్లి చదివేదాన్ని. కళ్లు మూసుకునే వినేవాడు. నిద్రపోయాడేమోనని ఆపితే వేళ్లతో మంచం తట్టేవాడు. వచ్చే వారంతో కథ ముగుస్తుందని చదివినప్పుడు మాత్రం కళ్లు తెరిచి, అదేదో నా చేతిలో పనైనట్టు, "జర జల్ది తేవే" అన్నాడు.

ఆ వారం తిరగకముందే పోయాడు.

దినాలు కాకుండానే గురువారం వచ్చింది. నేను ఇల్లు కదల్లేదు. సాయంత్రం బాపు వచ్చి, తువ్వాలలో చుట్టిన పత్రిక నా ముందు పెట్టాడు. అక్షరం రాని మనిషి, ఉప్పల్ దాకా నడిచిపోయి, అన్న ఎప్పుడూ కొనే దుకాణం వెతికి పట్టుకుని తెచ్చాడు.

"సదువు బిడ్డా. వాడు ఇనకనే పాయె."

చదివాను. ఆ అబ్బాయికి నీళ్ల గ్రహం దొరికింది, కానీ తిరిగి రావడానికి నౌకలో ఇంధనం మిగల్లేదు. బాపు నేలచూపులు చూస్తూ విన్నాడు.

"అయితే ఆ పోరడు ఇంటికి రాడా?"

"రాడు బాపు. ఆడనే ఉంటడు."

బాపు తువ్వాల చేతిలోకి తీసుకుని, "ఆడ నీళ్లయితే ఉన్నయి గద" అన్నాడు. అని, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అన్న పోయిననాడు కూడా ఏడవని మనిషి.

తర్వాత కొత్త సీరియల్ ఏదో మొదలైంది. బతికున్నన్నాళ్లూ గురువారం పత్రిక బాపే తెచ్చాడు, విన్నాడు, వచ్చే వారం ఎవరు బతుకుతారో ఎవరు చస్తారో నాతో మొండిగా వాదించాడు. ఆయన పోయాక నేను కొనడం మానేశాను, కొన్నాళ్లకు ఆ పత్రికే ఆగిపోయింది.

ఇప్పుడు ఫోనులో భాగాలన్నీ ఒకేసారి వచ్చేస్తున్నాయి. అల్లుడు నేర్పిస్తే నేనూ కొన్ని చూశాను, బాగానే ఉంటాయి. ఒకటి అయిపోగానే తర్వాతది దానంతటదే మొదలవుతుంది. ఇప్పుడేమైతదో చెప్పు అని అడుగుదామని అలవాటుగా పక్కకు తిరుగుతాను, పక్కన ఎవరూ ఉండరు; నేను తేరుకుని మళ్లీ ఇటు చూసేలోపు కథ ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.