పడవెక్కిన జనరల్

ఈమధ్య జలుబు చేసి, మరిగిన నీళ్ళలో నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసుకుని దుప్పటి కప్పుకున్నాను. ఆ ఘాటు తగలగానే జనరల్ వార్డెల్ గారు గుర్తొచ్చారు. ఆయన జేబురుమాలు ఎప్పుడూ ఆ వాసనే వేసేది. అది తమ ఆస్ట్రేలియా అడవుల వాసన అనేవారు.

అరవైల చివర జర్మనీలోని కొలోన్‌లో ఆయన ఇంటి పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. నేను ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. ఆయన భార్య జర్మన్. ఆమె కోసమే ఇక్కడ స్థిరపడ్డానని చెప్పేవారు గానీ, సొంత దేశంలో ఆయన పేరెత్తితే జనం రెండుగా చీలిపోతారని తరవాత తెలిసింది. యుద్ధంలో ఆయన దళం జపాన్ సైన్యానికి లొంగిపోయినప్పుడు, ఆయన మాత్రం పడవెక్కి తప్పించుకున్నారు. శత్రువు పోరాడే తీరు తెలిసినవాడిగా తాను బయటపడితేనే దేశానికి మేలని నమ్మారట. సైనికులేమో ఏళ్ళ తరబడి ఖైదులో మగ్గిపోయారు. విచారణ జరిగింది. మళ్ళీ ఆయనకు యుద్ధరంగం దక్కలేదు.

“పారిపోయినవాడి ఇంట్లోనా మనం ఉండేది?” అన్నాను మా ఆయనతో.

“ఈ ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరకడమే గగనం. ఆయన గతం మనకెందుకే?” అని కొట్టిపారేశారు.

కానీ జనరల్ గారు నన్ను మెట్ల దగ్గర ఆపి, నా వార్డులో ఎవరెలా ఉన్నారో పేరుపేరునా అడిగేవారు. నా కోపం ఎక్కువకాలం నిలవలేదు.

ఒక ఆదివారం కింద వీధి తలుపు చప్పుడైతే నేనే తీశాను. బక్కపలచటి మనిషి. జనరల్ గారి కింద పనిచేశాననీ, యూరప్ చూడడానికొచ్చి ఇటు వచ్చాననీ చెప్పాడు. నా వెనకే వచ్చిన జనరల్ గారి ముఖం పాలిపోయింది. లేనని చెప్పించేలోపే అతను లోపలికొచ్చేశాడు.

“ఎందుకు వదిలేసి పోయానని అడగడానికొచ్చావా?” అన్నారు.

“లేదు సార్. మాతో చెప్పి ఉంటే మేమే మిమ్మల్ని పడవెక్కించేవాళ్ళం. చెప్పలేదు. మీరు చనిపోయారేమోనని శవాల మధ్య వెతికాం.”

జనరల్ గారు అతన్ని ట్రామ్ దాకా సాగనంపి వచ్చి, కుర్చీలో కూలబడ్డారు.

“వెళ్ళే హక్కు నీకుందా అని విచారణలో అడిగారు, డాక్టర్. ఎందుకు చెప్పలేదని ఒక్కరూ అడగలేదు. వాళ్ళ ముఖాలు చూస్తే వెళ్ళలేనని భయపడ్డాను. అంతే.”

కొన్నేళ్ళకు నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. నా క్షయ రోగుల్లో చాలామంది నెలల తరబడి మంచం మీదున్నవాళ్ళే.

“వాళ్ళకు చెప్పారా?” అన్నారు జనరల్ గారు.

“చెబితే ఏడుస్తారండీ.”

“ఏడవనివ్వండి. మీరు వెళ్తుంటే చూసే హక్కయినా ఉండాలి కదా వాళ్ళకి.”

మంచం మంచం దగ్గరకీ వెళ్ళి చెప్పాను. ఒక ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుంది. నేను గది దాటేదాకా ఇటు తిరగలేదు.

తన సైనికుల్ని కలవడానికి ఆస్ట్రేలియా వెళ్తానని ఆయన ఏటా అనేవారు. డెబ్బైల దశకంలోనే, వెళ్ళకుండానే చనిపోయారు. ఆయన పిరికివాడో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను. నేను మాత్రం ఎక్కణ్ణుంచి కదలాల్సి వచ్చినా ముందు వెళ్ళి చెబుతాను. చెప్పేస్తే మనసు తేలికపడుతుందనుకునేదాన్ని. పడదు. అయినా చెబుతాను.