కామాక్షి తీసుకున్న సెలవు

కొడవలూరు పక్క ఊళ్ళో కామాక్షి ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. జాకెట్లు బాగా కుడుతుందని కొంత. మంచాన పడ్డ మొగుణ్ణి తొమ్మిదేళ్ళుగా కంటికి రెప్పలా చూసుకుంటోందని ఎక్కువ.

ఆమె భర్త పెంచలకృష్ణ వరిగడ్డి లారీ మీద కట్టలు సర్దుతుండగా తాడు తెగి వెల్లకిలా రోడ్డు మీద పడ్డాడు. మెడ దగ్గర దెబ్బ తగిలి, అక్కడినుంచి కిందికి చేతులతో సహా ఒళ్ళంతా చచ్చుబడింది. మాట ఉంది, తెలివి ఉంది. ముఖం మీద ఈగ వాలితే తోలడానికి మాత్రం కామాక్షి రావాలి.

ఒళ్ళు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఆమె ఒక్కనాడూ తప్పలేదు. కుట్టుమిషను మంచానికి ఎదురుగా వేసుకుంది. చేతిలో పని ఎంత తొందరదైనా వేళకు లేచి, అతని భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి తిప్పేది. పిల్లలు లేరు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసింది. కన్నతల్లి పోయినప్పుడు కూడా శవం లేవగానే వెళ్ళిన ఆటోలోనే తిరిగి వచ్చింది.

పోయిన డిసెంబరులో ఆడబిడ్డ భానుప్రియ నాయుడుపేట నుంచి వచ్చింది. వచ్చిన పూటే అంది:

“వదినా, నాలుగు రోజులు నేను చూసుకుంటా. నువ్వు యాడికన్నా పోయిరా.”

“నేనేడికి పోతా?”

పెంచలకృష్ణ పైకప్పు చూస్తూ అన్నాడు. “మహాలక్ష్మి పిలస్తానే ఉంది గదా. ఇరకానికి పో.”

మహాలక్ష్మి, కామాక్షి నెల్లూరు హాస్టల్లో పదో తరగతి దాకా ఒకే గదిలో ఉన్నారు. మహాలక్ష్మిది పులికాట్ సరస్సులో చేపలు పట్టే కుటుంబం. సరస్సు మధ్యలో ఉన్న ఇరకం దీవిలోనే పుట్టింది, అక్కడే కాపురం చేసుకుంటోంది. నెలకోసారి ఫోను చేసి రమ్మంటుంది. ఈసారి భర్త తనే పొమ్మనేసరికి కామాక్షి సంచి సర్దుకుంది. బయలుదేరేటప్పుడు అతను మరోసారి పిలిచాడు.

“నాలుగు రోజులూ ఉండు. ముందే రావద్దు.”

సూళ్ళూరుపేట దాకా బస్సు, అక్కడినుంచి రేవు దాకా ఆటో, తరువాత పడవ. పడవలో అందరూ కబుర్లు చెప్పుకుంటుంటే ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులకు పనేమీ లేదన్న సంగతి అప్పుడే తెలిసింది.

మరునాడు పొద్దున మహాలక్ష్మి ఇంటి వెనకనుంచి ఒక సైకిలు తోసుకొచ్చింది. కూతురికి బళ్ళో ఇచ్చిన సైకిలట. ఆ పిల్ల ఇప్పుడు తిరుపతిలో నర్సింగు చదువుతోంది.

“ఎక్కు. హాస్టల్లో వార్డెన్ సైకిలెత్తుకుపొయ్యి తిరిగింది మర్చిపోయినావా?”

“ఇప్పుడు నాకు నలభై రెండేళ్ళొచ్చినాయి.”

“సైకిలుకేం తెలుస్తది?”

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఎక్కింది. సిమెంటు రోడ్డు మీద పది గజాలు వంకరటింకరగా పోయి, తరువాత నిలదొక్కుకుంది. ఇళ్ళు అయిపోయాయి. తాటిచెట్లు వచ్చాయి. ఒకచోట నీలం వలలు ఆరేసి ఉన్నాయి, వాటి పక్కన ముసలాయన ఒకడు ముడులు వేసుకుంటూ తలెత్తి చూసి, మళ్ళీ వంచేశాడు. ఎవరమ్మా నువ్వు, మీ ఆయనకెలా ఉంది అని అడగలేదు. అది ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది.

రోడ్డు అయిపోయి ఇసుక దారి వచ్చింది. ముందు చక్రం కూరుకుపోయి పక్కకు పడిపోయింది. మోచెయ్యి గీసుకుంది. పడినచోటే కూర్చుని నవ్వింది. చాలాసేపు నవ్వింది. దూరంగా లోతులేని నీళ్ళలో రాజహంసలు గుంపుగా నిలబడి ఉన్నాయి. అటు తూర్పున శ్రీహరికోట చెట్లు సన్నటి గీతలా కనబడుతున్నాయి. అయితే ఆ పూట బయలుదేరి రెండు గంటలు గడవగానే ఒళ్ళు ఉలిక్కిపడింది. ఎవరినో తిప్పాలి. సైకిలు ఆపి, చుట్టూ చూసి, మళ్ళీ తొక్కింది.

ఆ మరునాడు దీవి ఉత్తరపు కొస దాకా వెళ్ళింది. దారిలో తాటినీడన ఆగి, మహాలక్ష్మి కట్టిచ్చిన ఎండుచేపల కూరా అన్నమూ తింది. పొద్దు నెత్తిమీదికి వచ్చాక గానీ, బయలుదేరి మూడు గంటలు దాటిపోయాయని గమనించలేదు. ఒళ్ళు ఉలిక్కిపడలేదు. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

దీవిలో ఫోను అన్నిచోట్లా పలకదు. ఆ కొసన పలికింది. తీసి చూస్తే భానుప్రియ. అప్పటికే అయిదుసార్లు చేసినట్టుంది.

పోయినాడు, అనుకుంది కామాక్షి.

అనుకున్న మరుక్షణం ఒళ్ళంతా తేలికయింది. అది భయం కాదు, దుఃఖం కాదు. ఆమెకు స్పష్టంగా తెలుసు, అది సంతోషం. రేపు పొద్దున తను లేవనక్కర్లేదు. ఎక్కడికైనా వెళ్ళవచ్చు. ఫోను చేతిలో మోగుతుండగా ఆ నాలుగైదు క్షణాల్లోనే ఆమె ఆ ఇంట్లోంచి మంచం తీసేసింది, మిషను కిటికీ దగ్గరికి జరుపుకుంది. తరువాత ఫోనెత్తింది.

“వదినా, ఎంతసేపు చేస్తావుండా. అన్న నిన్నటినించి అన్నం ముట్టలేదు. నీళ్ళు గూడా తాగడంలా. మాత్రలు నోట్లో పెడితే ఊసేస్తావుండాడు. నీకు చెప్పొద్దన్నాడు. నాకు భయంగా ఉంది.”

“ఉండాడా?” అంది కామాక్షి.

“ఏంది?”

“మాట్లాడతా ఉండాడా అని.”

“మాట్లాడతా ఉండాడు. పళ్ళు బిగబట్టి పడుకోనుండాడు. ఏం చెయ్యమంటావు?”

“వస్తావుండా.”

ఫోను పెట్టేసి ఇసుకలో కూలబడింది. భర్త బతికే ఉన్నాడన్న మాట విన్నప్పుడు లోపల ఏదో కుంగిపోయింది. అది తప్పని ఎంత సర్దిచెప్పుకున్నా కుంగిందే నిజం. తనను ఊరంతా ఏమనుకుంటోందో, తనేమిటో ఆమెకు అక్కడ తెలిసింది.

తిరిగి వచ్చేసరికి మహాలక్ష్మి చేపలు కడుగుతోంది. ఆమె ముఖం చూసి లేచి నిలబడింది.

“ఏమయిందే? ఆయనకేమన్నా అయిందా?”

“ఏం కాలేదు.” కామాక్షి సైకిలు గోడకు ఆనించింది. “అదే మహాలక్ష్మీ. ఏం కాలేదు.”

మహాలక్ష్మికి అర్థమయిందో లేదో, చేతులు తుడుచుకుని స్నేహితురాలి సంచి సర్దింది. రేవు దాకా వచ్చి పడవ ఎక్కించింది. ఉండమని ఒక్కసారి కూడా అడగలేదు.

కామాక్షి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. పెంచలకృష్ణ పెదవులు ఎండి పగిలాయి. ఆమెను చూసి కళ్ళు మూసుకున్నాడు. భానుప్రియను పక్క గదిలోకి పంపి, రాగిజావ పలచగా కలిపి తెచ్చి మంచం మీద కూర్చుంది.

“నోరు తెరువయ్యా.”

తెరవలేదు. పళ్ళ సందునుంచి మెల్లగా అన్నాడు.

“ఇంకో రెండు రోజులు ఉండలేకపోయినావా.”

అతని గొంతులో కోపం లేదు. కామాక్షికి తనను ఎందుకు పొమ్మన్నాడో, ముందే రావద్దని ఎందుకన్నాడో అప్పుడు అర్థమయింది. ఆమె కళ్ళముందు చెయ్యలేని పనిని ఆమె లేని నాలుగు రోజుల్లో ముగించుకుందామనుకున్నాడు. చెంచా గిన్నె మీదే ఆగిపోయింది. నేనూ అదే కోరుకున్నానయ్యా అని చెప్పేస్తే ఇద్దరికీ తేలికవుతుందేమో అనిపించింది. గిన్నె కింద పెట్టి బయటికి వెళ్ళిపోతే అతను కోరింది జరుగుతుందని కూడా తెలుసు. రెండూ చెయ్యలేకపోయింది. చెంచా పెదవులకు తాకించి పట్టుకుని కూర్చుంది. జావ గడ్డం మీద కారింది. తుడిచి మళ్ళీ పెట్టింది. మూడోసారికి అతను నోరు తెరిచాడు. అతని కంటినుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. వాటినీ ఆమే తుడిచింది.

తరువాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆ రాత్రే పక్కకు తిప్పేటప్పుడు చూస్తే అతని తుంటి మీద రూపాయంత పుండు పడి ఉంది. అది మానడానికి నాలుగు నెలలు పట్టింది. రోజూ కట్టు మారుస్తున్నప్పుడు అతను గోడవైపు చూసేవాడు.

జాకెట్లకు వచ్చే ఆడవాళ్ళు ఇప్పటికీ అంటూనే ఉంటారు, “నీలాంటి పెళ్ళాం దొరకడం ఆయన అదృష్టం కామాక్షీ” అని. పూర్వం నవ్వేది. ఇప్పుడు కొలతలు రాసుకుంటూ తలెత్తదు. మహాలక్ష్మి ఫోను చేస్తే కుదరదంటుంది.

మధ్యాహ్నం అతను నిద్రపోయినప్పుడు ఒక్కోసారి మిషను ఆపి, ఛాతీ కదులుతోందో లేదో చూస్తుంది. కదులుతూనే ఉంటుంది. అప్పుడు తనకేమనిపిస్తోందో చూసుకోవడం మాత్రం మానేసింది.