ఒక్క ఇడ్లీ తిని పరిగెత్తే పిల్ల

నెత్తిమీద మిగిలిన నాలుగు వెంట్రుకల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం.

తొంభైల చివర్లో బెంగళూరులో ఒక తెలుగు పత్రికకు ఆటల వార్తలు రాసేవాణ్ణి. పరుగుపందెంలో గెలిచిన ఒక అమ్మాయి గురించి రాస్తూ, కథ రక్తికట్టాలని, 'పొద్దున ఒక్క ఇడ్లీ తిని రోజంతా పరిగెడుతుంది' అని కలిపాను. నిజానికి ఆ పిల్ల నా ఎదుటే ఆరు లాగించి, నా ప్లేటువైపు కూడా చూసింది.

ఆ వారమే హిందూపురం ప్యాసింజర్లో నా ఎదురుగా ట్రాక్‌సూటు వేసుకున్న బక్కపిల్ల ఒకతె కూర్చుంది. డబ్బా తెరిచి, ఇడ్లీ సగం తుంచుకు తిని, మూత పెట్టేసింది.

"అంతేనా పాపా? ఇంకా తిను."

"మొన్న గెలిచిన అక్క ఒక్కటే తింటాదంట సార్. నేను సగానికి దింపినా."

"అది ఉత్త అబద్ధమమ్మా."

"పేపర్లో ఉండాది సార్," అంది, నా తెలివితక్కువతనానికి జాలిపడుతూ.

"ఆ పేపర్లో రాసింది నేనే," అన్నాను. కాసేపు నన్నే చూసి, డబ్బా మళ్ళీ తెరిచి మొత్తం తినేసింది.

ఈ చివరి రెండు ముక్కలూ నేను కల్పించినవి. పేపర్లో ఉందని ఆమె అన్నాక నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. దొడ్డబళ్ళాపురంలో ఆ పిల్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది.